వారం మొత్తానికీ ఒకేసారి సంతకం

"ఆ కాగితం ఎక్కడుంది వదినా?"

మరిది ఇలా అడగడం అప్పటికి మూడోసారి. పెద్దకోడలు వినపడనట్టే మామగారి నడుము కింద దిండు సర్దుతోంది. గురువారంనాడు తుంటి ఎముక విరిగిన మనిషి. ఆపరేషన్ తట్టుకునే వయసు కాదు, మంచం దిగకుండా చూసుకోండి అని చెప్పి ఆసుపత్రివాళ్లు ఇంటికి పంపేశారు. చెప్పడం వాళ్లకు తేలికే.

"నిన్నే అడుగుతున్నది. సేవా కార్యక్రమంవాళ్ల హాజరు కాగితం. టైలరమ్మ వచ్చి వెళ్లినట్టు నువ్వు సంతకం పెడతావు చూడు, అది."

"తలుపు వెనక మేకుకి తగిలించి ఉంది చూడరా," అన్నాడు ఆమె భర్త వంటింట్లోంచి, టీ వడగడుతూ.

నాలుగు రోజులుగా ఆ తలుపును ఎవరూ కదపకుండా పెద్దకోడలు కాపలా కాస్తోంది. ఆ కాగితం చించి పారేద్దామంటే చెయ్యి రాలేదు, తీసి చూద్దామంటే ధైర్యం చాల్లేదు. కట్టుకున్నవాడు మాత్రం ఒక్క మాటతో చూపించేశాడు.

మరిది కాగితం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లి, వాళ్లకు వీపు పెట్టి చాలాసేపు చూశాడు. అందులో సోమవారం నుంచి శనివారం దాకా, వేళలూ హాజరూ ముందే అచ్చువేసిన ఆరు గళ్లు, ఆరు సంతకాలు. అంతసేపు చదవడానికి ఏముందో ఆమెకు అర్థం కాలేదు.

"ఇదుగో అన్నయ్యా, విను. గురువారం. పదింటి నుంచి నాలుగింటి వరకు. హాజరు. పక్కన వదిన సంతకం!" కాగితం గాల్లో ఊపాడు. "నాన్న నీళ్లకోసం లేచి పడి, ఆరు గంటలు నేలమీద అలాగే పడున్న రోజున, ఆ మహాతల్లి వచ్చి డ్యూటీ చేసి వెళ్లినట్టు చూపించుకుంది. పైగా వదిన సంతకం కూడా తనే గీకేసింది. దొంగ సంతకం ఇది!"

మంచం మీది మామగారు కళ్లు తెరిచాడు. ముప్పయ్యేళ్లు సిటీ బస్సులో కండక్టరుగా నిలబడ్డ మనిషి. పక్షవాతం ఆయన మాటలన్నీ ఎత్తుకుపోయి, "రైట్ రైట్" ఒక్కటే వదిలిపెట్టింది. అన్నం చాలన్నా, నొప్పి అన్నా, కొడుకుల మీద కోపం వచ్చినా అదే మాట. వాటి తేడా తెలిసింది టైలరమ్మకే. బట్టల ఫ్యాక్టరీ మూతపడ్డాక నలభై అయిదేళ్ల వయసులో సేవా కార్యక్రమంలో చేరి, రెండేళ్లుగా ఈ ఇంటికి వచ్చి ఆయన్ని చూసుకుంటున్న మనిషి. కన్నకూతురు చేసినట్టు చేసిందని ఇదే మరిది పోయినేడు నలుగురిలో చెప్పాడు కూడా.

"రైట్ రైట్," అన్నాడు మామగారు, తల అడ్డంగా ఊపుతూ.

"చూశావా, నాన్న కూడా అదే అంటున్నాడు," అన్నాడు మరిది.

అతను కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఇవాళ కౌన్సిల్లో అసలు పద్దే ఇది. ఆ సేవా కార్యక్రమానికి నగరం తన వాటా ఇవ్వాలా వద్దా అని. మా నాయకుడు నన్నే మాట్లాడమన్నాడు. ఇది బల్లమీద పెడతాను. ఆవిడ ఉద్యోగం ఊడబీకించకపోతే నేను ఈ వార్డు కౌన్సిలర్నే కాదు."

"ఆవిడ మీద కోపంతో ఆ కార్యక్రమమే తీసేయిస్తావా?" అంది పెద్దకోడలు. "దాన్ని నమ్ముకుని ఎంతమంది ముసలివాళ్లు ఉన్నారో నీకు తెలీదా?"

"నాకు తెలిసిన ముసలాయన ఒక్కడే, మా నాన్న. నువ్వు ఎలాగూ అక్కడే కూర్చుంటావుగా, ఒక్క అక్షరం పోకుండా రాసుకో." గుమ్మం దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు. "ఆవిడ మళ్లీ ఈ గడప తొక్కడానికి వీల్లేదు."

పెద్దకోడలి ఉద్యోగం అదే. నగర కౌన్సిల్లో మినిట్స్ రాసే గుమాస్తా. పదకొండేళ్లుగా మేయరు కుర్చీ కింద చిన్న బల్ల దగ్గర కూర్చుని, పెద్దమనుషులు అరుచుకున్నవన్నీ మర్యాదగల వాక్యాలుగా మార్చి రాస్తోంది. అక్కడ ఆమెకు చెవులుండాలి, చెయ్యి ఉండాలి. నోరు ఉండకూడదు.

మరిది స్కూటరు చప్పుడు సందు చివర దాటింది.

తర్వాత వంటింట్లో భర్త టీ గ్లాసు ఆమె ముందు పెట్టి, నేల చూపులు చూస్తూ అన్నాడు. "ఆ సంతకం నీదే కదూ?"

"మీరు చూశారుగా. సోమవారం పొద్దున పెట్టాను. ఆరూ ఒకేసారి."

నిబంధన ఏమిటంటే, సేవకురాలు నాలుగింటికి ఇంటినుంచి వెళ్లేటప్పుడు ఇంటివాళ్లు ఏరోజుకారోజు సంతకం పెట్టాలి. నాలుగింటికి ఆమె కౌన్సిల్ ఆఫీసులో ఉంటుంది. భర్త నీళ్ల పంపుహౌసులో ఉంటాడు. మామగారి కుడిచెయ్యి లేవదు. మరి పెట్టేదెవరు? ఈ నిబంధన రాసిన మహానుభావుడి ఇంట్లో పగలంతా జనం ఖాళీగా కూర్చుని ఉంటారు కాబోలు. మొదట్లో టైలరమ్మ ఒప్పుకోలేదు. తర్వాత గళ్లు ఖాళీగా ఉన్నాయని ఆఫీసువాళ్లు ఆవిణ్ని రెండుసార్లు తిట్టాక ఒప్పుకుంది. అప్పటినుంచి సోమవారం పొద్దున చెప్పులు వేసుకుని, సంచీ భుజాన తగిలించుకుని, గోడకు కాగితం ఆనించి ఆరు సంతకాలు గీకేసి బస్సుకు పరిగెత్తడం ఆమెకు అలవాటైంది. ఆ వీధిలో టైలరమ్మలాంటివాళ్లు వచ్చే ప్రతి ఇంట్లోనూ అదే పద్ధతి. అందులో తప్పుందని ఎవరికీ తోచలేదు.

"మీ తమ్ముడితో చెప్పేస్తాను," అంది ఆమె. "చేయని నేరానికి ఆవిడ దొంగ ఎందుకవ్వాలి?"

"చెప్పు. కౌన్సిల్లో పనిచేస్తూ కౌన్సిల్ కాగితం మీద అబద్ధపు సంతకం పెట్టానని చెప్పు. నీ ఉద్యోగం ఆ సాయంత్రానికే పోతుంది. అప్పుడు నాన్నని ఏం పెట్టి చూస్తాం?"

"మరి గురువారం ఆవిడ ఎందుకు రాలేదండీ? ఒక్క మాట చెప్పి ఉంటే..."

"నన్నడుగుతావేం? నువ్వు ఆవిడతో మాట్లాడి ఎన్నాళ్లైంది?"

ఈ ఇంట్లో మనుషులు ఒకరి తర్వాత ఒకరు వెళ్తారు గానీ ఒకరినొకరు కలుసుకోరు. ఆమె తొమ్మిదింటికి, భర్త తొమ్మిదిన్నరకి వెళ్లిపోతే, టైలరమ్మ పదింటికి వస్తుంది. తను చూసేది ఉతికిన దుప్పటి, గీసిన గడ్డం. మనిషి మొహం చూసి రెండు నెలలైంది.

"నేను ఇవాళ కూడా సెలవు పెట్టాను, నాన్న దగ్గర ఉంటాను," అన్నాడు భర్త. "నువ్వు వెళ్లి నోరు మూసుకుని రాసుకుని రా. నీకు దణ్ణం పెడతాను."

అతను నిజంగానే చేతులు జోడించాడు. ఆమెకు ఏడుపొచ్చింది. కోపం కూడా వచ్చింది. టీ తాగకుండానే బయల్దేరింది.

కౌన్సిల్ హాలు పదకొండుకల్లా నిండిపోయింది. పైన సందర్శకుల బాల్కనీలో సేవా కార్యక్రమంవాళ్లు నీలం చొక్కాలతో వరసగా కూర్చున్నారు. వాళ్ల మధ్య టైలరమ్మ. కౌన్సిల్ ఏదైనా అడిగితే జవాబు చెప్పడానికని ఆఫీసువాళ్లు రప్పించినట్టున్నారు. సన్నగా, మెడ వంచుకుని, ఒళ్లో చేతులు పెట్టుకుని కూర్చుంది. పెద్దకోడలు ఒక్కసారి తలెత్తి చూసి, మళ్లీ అటు చూడలేకపోయింది.

పన్నెండో వార్డు డాక్టరమ్మ ముందు మాట్లాడింది. "అధ్యక్షా, ఇది జాతీయ కార్యక్రమం. సగం ఖర్చు ప్రభుత్వం పెడుతుంది, సగం నగరం పెట్టాలి. మనం కాదంటే వాళ్ల సగమూ వెనక్కి పోతుంది. అప్పుడు రేపు పొద్దున నాలుగొందల ఇళ్లలో మంచం పట్టిన మనిషి తలుపు వంక చూస్తూ పడుంటాడు. అన్నం తినిపించే చెయ్యి రాదు. నేను రోజూ చూస్తున్నదాన్ని, అందుకే చెప్తున్నా."

ఎదుటి పక్షం నాయకుడు లేచాడు. రోడ్లు వేయించి పైకొచ్చిన మనిషి గనక అందరూ కాంట్రాక్టరనే పిలుస్తారు. "డాక్టరమ్మగారి మనసు వెన్న. కానీ వెన్నతో మురుగుకాలువలు బాగుపడవు కదా! ఈ సేవకులు నిజంగా ఇళ్లకు వెళ్తున్నారో లేదో మా సభ్యుడు చెప్తాడు. ఆయన ఇంట్లో జరిగిందే."

మరిది లేచాడు. మాట్లాడాడు, బాగా మాట్లాడాడు. తండ్రి నేలమీద ఎలా పడున్నాడో, సాయంత్రం వదిన వచ్చి తలుపు తీసేసరికి పెదాలు ఎలా ఎండిపోయి ఉన్నాయో చెబుతుంటే హాల్లో కాగితాల చప్పుడు కూడా ఆగిపోయింది. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు. పెద్దకోడలు రాస్తూనే ఉంది. అక్షరాలు అలుక్కుపోతున్నాయి.

"ఇదిగో అధ్యక్షా, ఆ రోజు హాజరు కాగితం. వచ్చినట్టు సంతకం ఉంది. మా వదిన సంతకం దొంగతనంగా చేశారు. దీన్ని సభ ముందు పెడుతున్నాను."

బాల్కనీలో ఎవరో "అయ్యో" అన్నారు. అది టైలరమ్మ గొంతేనని పెద్దకోడలికి తెలిసింది.

సభ ముందు పెట్టిన ఏ కాగితమైనా మినిట్స్ రాసే బల్ల మీదికి రావాలి. దాన్ని వెనక్కి తిప్పి, కౌన్సిల్ ముద్ర కొట్టి, వరస నంబరు వేసి, ఫైల్లో పెట్టాలి. పదకొండేళ్లుగా వేలసార్లు చేసిన పని. ఆమె చేతులు వాటంతటవే కాగితం అందుకుని వెనక్కి తిప్పాయి.

వెనకవైపు పెన్సిలుతో రాసి ఉంది. బొత్తాలు కుట్టినట్టు గుండ్రటి అక్షరాలు.

"అమ్మా, రేపు గురువారం నన్ను వేరే ఇంటికి పొమ్మన్నారు. ఈ ఒక్కరోజే. పెద్దాయన దగ్గర ఎవరినైనా ఉంచండి. మంచినీళ్లు చేతికందేట్టు పెట్టండి."

ఆమె రెండోసారి చదివింది. మూడోసారి చదవబోతే కళ్లు మసకబారాయి.

టైలరమ్మ బుధవారం చెప్పే వెళ్లింది. మనుషులు కలుసుకోని ఇంట్లో, ఇంటివాళ్లు రోజూ చూడాలని పెట్టిన ఆ కాగితం మీదే చెప్పింది. రోజూ సంతకం పెట్టేదైతే బుధవారం సాయంత్రం ఆ కాగితం తీసేది, చూసేది. వారం మొత్తానికీ సోమవారమే పెట్టేసింది గనక మళ్లీ దాని జోలికే పోలేదు. మామగారిని ఆరు గంటలు నేలమీద పడేసింది టైలరమ్మ కాదు. తనే.

అప్పుడు ఇంకోటి తట్టింది. పొద్దున కిటికీ దగ్గర మరిది అంతసేపు చూసింది దీన్ని కాదూ?

ఆమె తలెత్తి అతని వంక చూసింది. అతను చూపు తిప్పుకున్నాడు.

"ఇక చర్చ చాలు. ఓటింగుకి వెళ్దామా?" అన్నాడు మేయరు.

పెద్దకోడలు లేచి నిలబడింది. ఎందుకు లేచిందో ఆమెకే తెలియదు. ముద్ర కోసం లేచిందనుకుని మేయరు కూడా పట్టించుకోలేదు.

"ఈ కాగితానికి వెనక కూడా రాసి ఉందండీ," అంది.

"అమ్మా, మీరు మాట్లాడకూడదు. కూర్చోండి."

"కూర్చుంటానండీ. ఇది చదివి కూర్చుంటాను."

చదివింది. పదకొండేళ్లలో ఆ హాల్లో ఆమె గొంతు వినపడడం అదే మొదలు. సగం మంది ఎవరు మాట్లాడుతున్నారా అని వెతుక్కున్నారు.

"ఆ సంతకం నాదే. దొంగ సంతకం కాదు. సోమవారం పొద్దునే వారం మొత్తానికీ నేనే పెట్టాను. ఆవిడ బుధవారం రాసి వెళ్లింది, నేను చూసుకోలేదు. తప్పు నాది. ఆవిణ్నేమీ అనకండి."

"వదినా!" అన్నాడు మరిది.

"నువ్వు చూశావు కదూ?"

"వెనకవైపు... నేను సరిగా..." అని ఆగిపోయాడు.

డాక్టరమ్మ మొహం వెలిగింది. "విన్నారా అధ్యక్షా! సేవకురాలి తప్పు ఏమీ లేదు. ఉన్న మనుషులు చాలక ఒక ఇంటినుంచి తీసి ఇంకో ఇంటికి పంపితే ఇలాగే జరుగుతుంది. నగరం ఇంకా ఎక్కువ ఇవ్వాలి!"

కాంట్రాక్టరు తాపీగా లేచాడు. కోపం లేదు, గొంతు పెంచలేదు. ఆమెతో చాలా మర్యాదగా మాట్లాడాడు.

"నిజం చెప్పినందుకు సంతోషం అమ్మా. ఒక్క చిన్న ప్రశ్న. వారం మొత్తానికీ ముందే సంతకం పెట్టడం మీ ఒక్క ఇంట్లోనేనా?"

అబద్ధం చెప్పొచ్చు. అవునండీ, మా ఇంట్లోనే అనొచ్చు. కానీ ఒక్కసారి నిజం మొదలుపెట్టిన నోరు మధ్యలో ఆగలేకపోయింది. పైగా తన తప్పు కాస్త చిన్నదవుతుందన్న ఆశ కూడా ఎక్కడో ఉంది, దాచడం ఎందుకు.

"మా వీధిలో అందరమూ అంతేనండీ."

డాక్టరమ్మ కళ్లు మూసుకుంది.

"విన్నారుగా అధ్యక్షా," అన్నాడు కాంట్రాక్టరు సభ వైపు తిరిగి. "నాలుగొందల ఇళ్ల కాగితాలన్నీ ఇంతే. ఎవరు వెళ్లారో, ఎవరు వెళ్లలేదో దేవుడికే తెలియాలి. చెప్పింది నేను కాదు. మన సొంత మినిట్స్ గుమాస్తా."

చేతులెత్తమన్నారు. నిధులివ్వాలనేవాళ్లు పదమూడు మంది. వద్దనేవాళ్లు పంతొమ్మిది. మరిది చెయ్యి అందరికన్నా ఆలస్యంగా లేచింది, కానీ లేచింది. పెద్దకోడలు ఆ రెండు అంకెలూ తన చేత్తోనే రాసింది.

"ఇవాళ్టి మినిట్స్ పూర్తిచేసి ఇచ్చి వెళ్లండమ్మా," అన్నాడు మేయరు లేస్తూ. "రేపటినుంచి రావద్దు. సంజాయిషీ రాసి పంపించండి. మీరు మంచివాళ్లే. కానీ నేనేం చేయను?"

హాలు ఖాళీ అవుతోంది. నీలం చొక్కాలవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మెట్లు దిగుతున్నారు. ఒకావిడ పెద్దకోడలి పక్కనుంచి పోతూ, "మా పొట్ట కొట్టావు కదమ్మా," అంది. గట్టిగా అనలేదు. గట్టిగా తిట్టినా బాగుండేది.

టైలరమ్మ మాత్రం బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"నాకోసం లేచారు. నాకోసం ఇంతవరకూ ఎవరూ లేవలేదమ్మా," అంది. "కానీ ఆఖరి మాట చెప్పకుండా ఉండాల్సింది."

"తెలుసు." పెద్దకోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. సూదిమొన పొడుచుకుని గట్టిపడ్డ వేళ్లు. ఆ చెయ్యి పట్టుకున్నాక ఏడుపు ఆగలేదు. ఆవిడ అలాగే నిలబడింది.

"నీ ఉద్యోగం పోగొట్టుకున్నావా?"

వెనకనుంచి వచ్చింది ఆ గొంతు. భర్త. బాల్కనీ మెట్ల మీదనుంచి దిగుతున్నాడు. మొహం మాడిపోయి ఉంది.

"నువ్వు ఇలాంటిదేదో చేస్తావని నాకు తెలుసు. మనసు ఆగక వచ్చాను. పైన జనం వెనక నిలబడి సైగలు చేస్తూనే ఉన్నాను. ఒక్కసారైనా తలెత్తి చూశావా?"

పెద్దకోడలు కళ్లు తుడుచుకుంది. ఒక క్షణం అతన్నే చూసింది.

"మీరు ఇక్కడున్నారేమిటి?" అంది. "మామయ్యగారి దగ్గర ఎవరున్నారు?"

"టైలరమ్మ ఉందిగా. నువ్వు అటు వెళ్లగానే నేనే ఫోన్ చేశాను, తమ్ముడి మాట పట్టించుకోకుండా రండి అన్నాను. పదింటికి వస్తానంది. అందుకే నేను తొమ్మిదిన్నరకి..."

అంతవరకూ అని ఆగాడు. భార్య వెనక నిలబడ్డ మనిషిని అప్పుడు చూశాడు.

"ఆ వెంటనే ఆఫీసువాళ్లు నన్ను ఇక్కడికి రమ్మన్నారండీ," అంది టైలరమ్మ. "రాలేనని చెప్దామని మీ ఇంటి ఫోనుకి రెండుసార్లు చేశాను. ఎవరూ ఎత్తలేదు. మీరు సెలవులో ఉన్నారు కదా, ఇంట్లోనే ఉంటారని..."

"నాన్నకి ఒళ్లు తుడుస్తున్నాను అప్పుడు," అన్నాడు భర్త.

గోడగడియారంలో రెండున్నర. తొమ్మిదిన్నర నుంచి రెండున్నర. ముగ్గురూ గడియారం వైపే చూశారు.

భర్త జేబులోంచి ఫోన్ తీసి ఇంటి నంబరు నొక్కాడు. ఎందుకు నొక్కాడో, ఎవరు ఎత్తుతారనుకున్నాడో. కంగారులో చెయ్యి ఆ పని చేసింది. అవతల రింగవడం ముగ్గురికీ వినపడింది.

"పెట్టెయ్యండి!" అని అరిచింది పెద్దకోడలు. "ఫోను ముందు గదిలో ఉంది! మోగితే ఆయన తీద్దామని లేస్తారు, పెట్టెయ్యండి!"

అతను తడబడుతూ మీట కోసం వెతుక్కునేలోపే అవతల మోత ఆగిపోయింది. ఎవరో ఎత్తారు. మాట లేదు. నేలకి దగ్గరగా, ఎగశ్వాసలా, ఒక ఊపిరి మాత్రం వినపడుతోంది.

"మామయ్యా!" అంది పెద్దకోడలు ఫోన్ లాక్కుని. "మామయ్యా, కదలకండి! నేను వస్తున్నాను!"